ఉత్త బోరు పీల్చే గాలి

మా చిన్నమ్మ తోటలో ఎండిపోయిన బోరు ఒకటుంది. అందులో చనిపోయిన మా చిన్నాయన ఊపిరి వినిపిస్తుందని మా బంధువులంతా చెప్పుకుంటారు. పెళ్లిళ్లలో చెబుతారు, దినాల్లో చెబుతారు, ఫోన్లలో గుంపు కట్టుకుని అక్కడా చెబుతారు. బోరు పడలేదన్న దిగులుతో ఆయన పోయాడట. ప్రాణం ఆ గొట్టంలో ఇరుక్కుందట. ఆ ఊపిరి విని విని చిన్నమ్మకు మతి చలించిందట. అందుకే తోట ఎండిపోయినా అమ్మదట. ఇన్ని ‘అట’లున్న కథను నేను నమ్మను. చిన్నాయన పోయింది దిగులుతో కాదు. కడప ఆసుపత్రిలో, పక్క మంచం మీది మనిషితో రాజకీయాలు వాదిస్తూ వాదిస్తూ గుండె ఆగి పోయాడు. బతికుండగా ఆ బోరు దాకా నడవడానికే బద్ధకించిన మనిషి, పోయాక దాంట్లో కాపురం పెడతాడా?

ఊపిరి మాత్రం నిజం. నేనూ విన్నాను. అది మా చిన్నాయనదే అయ్యుంటే ఎంత బాగుండేదో అని ఇప్పటికీ అనుకుంటాను. తెలిసిన మనిషి కదా, భయపడే పని ఉండేది కాదు.

మా ఊరు బద్వేలు నుంచి లంకమల వైపు పోయే దారిలో ఉంది. కొండ కళ్ల ముందే కనిపిస్తుంది గానీ దాని నీళ్లు మాకు అందవు. చిన్నమ్మ అంటే మా నాన్న తమ్ముడి భార్య. ఆమెకున్నదల్లా ఒక చీనీ తోట, అదే బత్తాయి తోట. ఈ చివర నిలబడి పిలిస్తే ఆ చివరి మనిషి పలుకుతాడు, అంతే దాని విస్తీర్ణం. అందులో రెండు బోర్లు. ఒకటి ఎప్పుడో ఎండిపోయింది. రెండోది కాస్తో కూస్తో నీళ్లిస్తుండేది. చెట్లన్నీ దాని మీదే బతికేవి. తోటకు మూడు వైపులా మా పెద్దనాయన కొడుకు పొలం. మా ఊళ్లో పెద్ద రైతు అంటే మా అన్నే.

మా వైపు ‘ఉత్త’ అనే మాట రెండు పనులు చేస్తుంది. లోపల ఏమీ లేనిది ఉత్తది. డబ్బివ్వకుండా వచ్చేదీ ఉత్తదే. నీళ్లు లేని బోరు ఉత్త బోరు. మోటార్లకు ప్రభుత్వం ఇచ్చే కరెంటు ఉత్త కరెంటు. పుట్టినప్పటి నుంచీ రెండూ వింటూనే ఉన్నాను. ఆ రెండింటికీ చుట్టరికం ఉందని మాత్రం ఆ ఎండాకాలం దాకా నాకు తట్టలేదు.

ఆ ఎండాకాలం చిన్నమ్మ ఫోన్ చేసింది. ఊరికే ఫోన్ చేసే మనిషి కాదామె.

“పాపా, ఒకసారి వచ్చిపోతావా? మీ అన్నతో మాట్లాడల్ల. నా మాట వాని చెవుల్లోకి పోదు. నీకైతే నోరు పెద్దది.”

“పొగుడుతాండావా, తిడతాండావా చిన్నమ్మా?”

“అవసరం ఉండాది గాబట్టి పొగుడుతాండా. రా.”

కడపలో మాకు చీరల కొట్టుంది. దాన్ని మా ఆయనకు అప్పజెప్పి బస్సెక్కాను. తోటలో అడుగు పెట్టగానే విషయం అర్థమైంది. చీనీ ఆకులు గరిటెల్లా ముడుచుకుని ఉన్నాయి. పిందెలు నిమ్మకాయంత కూడా కాకుండానే రాలి పాదుల్లో పడి ఉన్నాయి. వానలు పడేదాకా గుక్కెడు గుక్కెడు నీళ్లందితే చెట్లు నిలుస్తాయి. లేకుంటే బిడ్డల్లా పెంచిన చెట్లు పొయ్యిలోకే. మళ్లీ మొక్క నాటి, కాపు కోసం ఏళ్ల తరబడి కాచుకునే వయసు చిన్నమ్మకు లేదు.

మరుసటి రోజు పొద్దున ఇద్దరం ఉత్త బోరు దగ్గర కూర్చున్నాం. దాని గొట్టం మోకాలెత్తున భూమి మీదికి పొడుచుకుని ఉంది. పిల్లలెవరైనా పడతారని చిన్నమ్మ దాని మూతికి ఒక గోతాం, అదే గోనెసంచి, కప్పి తాడుతో వదులుగా కట్టింది. గాలి లేదు. ఆకు కదలడం లేదు. ఎండ అప్పుడే చురుక్కుమంటోంది.

అప్పుడు కరెంటు వచ్చింది.

మా వైపు మోటార్లకు ‘ఆటో’ పెడతారు. కరెంటు రాగానే మోటారు తనంతట తానే మొదలవుతుంది, మనిషి పోయి నొక్కే పని లేదు. ఇది నాకు తెలియని సంగతేమీ కాదు. కానీ ఆ రోజు మొదటిసారి చెవి పెట్టి విన్నాను. దగ్గరి చేనులో ఒక స్టార్టరు పెట్టె టక్కుమంది. ఆ పక్కన ఇంకొకటి. దాని వెనక ఇంకొకటి. అలా టక్కుటక్కుమంటూ కొండ వైపు పోయి చెవికి అందకుండా పోయాయి. కనుచూపు మేరలో ఒక్క మనిషి లేడు. ఎవరో కనపడని మనిషి చేను వెంట చేను తిరుగుతూ ఒక్కో తలుపు తట్టి లేపుతున్నట్టే ఉంది.

ఆ శబ్దం కొండను చేరిన కాసేపటికి, మా ముందున్న గోతాం నడుమ కాస్త కుంగింది. తర్వాత నిదానంగా గొట్టంలోకి పోవడం మొదలైంది. లోపలి నుంచి ఎవరో రెండు వేళ్లతో పట్టుకుని లాగుతున్నట్టు. కింద నుంచి శబ్దం వచ్చింది. ముసలివాళ్లు పడుకునే ముందు తీసే పెద్ద ఊపిరి లాంటిది. తేడా ఏమిటంటే ఇది లోపలికి తీయడమే గానీ బయటికి వదలడం లేదు. తీస్తూనే ఉంది.

చిన్నమ్మ లేచి, తాగడానికి తెచ్చుకున్న బిందె ఎత్తి, గోతాం ఒక పక్కకు తీసి, నీళ్లు ఆ గొట్టంలో పోసింది.

“ఏం చేస్తాండావు చిన్నమ్మా! తాగే నీళ్లు గదా అవి!”

“దప్పిక్కి పీలుస్తాండాది పాపా. నోరు తెరిచినదానికి నీళ్లు పొయ్యకుంటే ఎట్ల?”

“ఎవురు పీలుస్తాండేది? చిన్నాయనా?”

“ఆయప్పయితే నీళ్లడుగుతాడా? కాఫీ అడుగుతాడు.”

“మరెవురు?”

“నాకేం తెలుసు? ఎవురైతే ఏం, దప్పిక దప్పికే.”

పోసిన నీళ్లు కింద ఎక్కడ పడ్డాయో, పడిన చప్పుడే రాలేదు.

నేను బి.ఎస్సీ. చదివాను. చదువు మర్చిపోయినా వాదన మర్చిపోలేదు. అక్కడే కూర్చుని చెప్పాను. “చూడు చిన్నమ్మా, ఇది గాలి. భూమిలో నీళ్లు పైకి ఉన్నప్పుడు ఈ గొట్టంలో గాలి కదలదు. చుట్టూ మోటార్లు లాగేకొద్దీ నీళ్లు కిందికి దిగుతాయి. ఆ ఖాళీలోకి పైనుంచి గాలి పోతాది. ఇది నీకు చెప్తాండేది ఒకటే, నీ నీళ్లు పోతాండాయని.”

ఆమె కాదనలేదు. “సరే, గాలే అనుకో. అది పీల్చబట్టినాక నా మోటారు చూడు.”

చూశాను. ఆమె మోటారుకూ ఆటో ఉంది. అందరిదానితో పాటే అదీ మొదలైంది. చెట్ల పాదుల చుట్టూ నల్లటి డ్రిప్పు పైపులు పరిచి ఉన్నాయి. చిన్న రైతని ప్రభుత్వం దాదాపు ఉత్తగానే ఇచ్చింది. ఇవ్వలేదని అబద్ధమాడను. మొదట పైపుల్లో నీళ్లు వచ్చాయి. బోరు ఊపిరి పెద్దదయ్యేకొద్దీ చుక్కలు సన్నబడ్డాయి, పైపు దగ్గింది, తర్వాత తోటంతా బుసలు. పైపుల చిల్లులన్నిటి నుంచీ నీళ్లకు బదులు గాలి. చచ్చిపోతున్న చెట్ల మొదళ్లలో ఎవరో గుసగుసలాడుతున్నట్టుంది.

చిన్నమ్మ అడిగేది చాలా చిన్న సంగతి. కరెంటు రాగానే అన్న తన మోటార్లు మొదలుపెట్టకుండా, ఆమె చెట్లు తడిసేదాకా ఆగాలి. వానలు పడేదాకా అలా చేస్తే చాలు. తర్వాత ఆయన ఇష్టం.

మధ్యాహ్నం అన్న ఇంటికి పోయాను. సంగటి ముద్ద ముందు పెట్టుకుని ఆయన, వడ్డిస్తూ వదిన. ఆయన తినేదాకా కూడా ఆగకుండా చిన్నమ్మ మాట చెప్పేశాను.

“అందరికీ ఒకటే కరెంటు, ఒకటే టైము. ఇందులో అన్యాయం యాడుండాది పాపా?” అన్నాడు అన్న.

“నీ మోటార్లన్నిటికీ ఉత్త కరెంటే, ఆమె ఒక్క మోటారుకూ ఉత్త కరెంటే. అవును, సమానమే. ఏనుగునూ ఎలకనూ ఒకే తొట్టి కాడ ఇడిసిపెట్టి, ఇద్దరికీ తొట్టి ఒకటే అన్నట్టు.”

“ఏనుగు అంటాండావు, సరే. డ్రిప్పు ఆమెకు ఉత్తగా వచ్చె. నేను నా వాటా కట్టుకోవాల్సి వచ్చె. చిన్నోళ్లకే ఎక్కువిస్తాండారు. అది మాత్రం చెప్పవు.”

“కట్టింది నీ పేరు మీద దానికే గదా అన్నా? వదిన పేరు మీద ఉండే చేనికి కట్టినావా? ఆమె సన్నకారు రైతంట గదా!” అని వదిన వైపు తిరిగాను. “ఏం వదినా, నువ్వు ఏ పక్క నుంచి సన్నం?”

వదిన మంచి మనిషి. కోపం తెచ్చుకోకుండా పొట్ట కదిలేలా నవ్వింది. “పోనీలేమ్మా, కాగితంలోనన్నా సన్నంగా ఉండనీ నన్ను.”

అన్న మాత్రం నవ్వలేదు. చెయ్యి కడుక్కుని వచ్చి నా ఎదురుగా కూర్చున్నాడు. “రేపు నా మోటార్లన్నిటికీ ఆటో తీసేస్తా. ఒక్కటి గూడా ఆడదు. నువ్వే చూడు. ఆ బోరు పీల్చడం ఆగిందంటే, తప్పు నాదే. వానలు పడేదాకా చిన్నమ్మ తరువాతనే నేను. ఆగలేదనుకో, ఇంక ఆ మాట ఎత్తగూడదు. తోట నాకు గుత్తకియ్యల్ల. సరేనా?”

గుత్తకు, అంటే కౌలుకు, ఒప్పుకునే హక్కు నాకు లేదు, తోట చిన్నమ్మది. సాయంత్రం ఆమెకు చెప్పాను. తమలపాకుకు సున్నం రాస్తూనే, “సరే అను” అంది. గెలుస్తాం అనే నమ్మకం నాకెంతుందో ఆమెకూ అంతే ఉంది.

మరుసటి పొద్దున అన్న వచ్చాడు. తన మోటార్లన్నీ ఒక్కొక్కటిగా తానే పోయి ఆపి వచ్చానన్నాడు. నమ్మాను. ఆయన మొండివాడే గానీ దొంగ కాదు. చిన్నమ్మ మోటారు కూడా ఆపేశాం, ఏ అనుమానమూ ఉండకూడదని. ముగ్గురం గొట్టం చుట్టూ నిలబడ్డాం.

కరెంటు వచ్చింది. మా చుట్టూ ఒక్క పెట్టె కూడా చప్పుడు చేయలేదు. అంత నిశ్శబ్దం ఆ చేలల్లో నేనెప్పుడూ వినలేదు. గోతాం కదల్లేదు. నేను అన్న ముఖంలోకి చూశాను. గెలిచినప్పుడు నా ముఖం ఎలా ఉంటుందో మా ఆయన్ని అడిగితే చెబుతాడు. అన్న తల దించుకుని, “సరేలే పాపా” అనబోయాడు.

అప్పుడు గోతాం కుంగింది.

నిన్నటి కంటే నిదానంగా, తొందర లేనట్టు, లోపలికి పోవడం మొదలుపెట్టింది. తాడు బిగుసుకుంది. ఊపిరి శబ్దం కూడా వేరుగా ఉంది. నిన్న దగ్గర్నుంచి వచ్చినట్టుండేది, ఇప్పుడు ఎక్కడో చాలా కింద నుంచి, చాలా దూరం నుంచి వస్తోంది. అన్న గోతాం విప్పేసి అరచెయ్యి గొట్టం మీద ఆనించాడు. మరుక్షణం చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

“పట్టుకునిండాది” అన్నాడు. “నా మోటార్లన్నీ ఆగిండాయి గదా?”

అడిగింది మమ్మల్ని కాదు. పందెం గెలిచింది ఆయనే. నవ్వాల్సిన మనిషి, వేళ్లు లెక్కపెట్టుకుంటున్నట్టు అరచెయ్యి చూసుకుంటూ నిలబడ్డాడు. చిన్నమ్మ పోయి ఆయన భుజం మీద చెయ్యి వేసింది.

“నువ్వు కాదులే నాయనా,” అంది, పిల్లవాణ్ణి ఓదార్చినట్టు.

ఆ మాట విన్నాక నాకు మొదటిసారి నిజంగా భయమేసింది. అంతదాకా ఆ ఊపిరికి ఒక ముఖం ఉండింది, తిట్టడానికి వీలైన ముఖం, మా అన్నది. ఇప్పుడు అదీ లేదు.

“నా చేను దాటితే ఆ పక్క ఉండేది కొండ కింద తోటే గదా,” అన్నాడు అన్న అటు చూస్తూ. “పోదాం రా.”

కొండ మొదట్లో ఒకప్పుడు మేకలు మేసే భూములుండేవి. కొన్నేళ్ల కిందట ఎవరో కొన్నారు. కర్నూలు వాళ్లని కొందరు, హైదరాబాదు వాళ్లని కొందరు, బెంగుళూరు వాళ్లని కొందరు అనేవాళ్లు. కొన్నవాళ్లను చూశామని అన్నవాళ్లు మాత్రం లేరు. దారి వాళ్లదే, గేటు వాళ్లదే కాబట్టి మా వాళ్లెవరూ అటు పోరు. అన్న మోటారుసైకిలు మీద పోయాం. గేటుకు తాళం లేదు.

లోపలికి పోగానే చల్లటి గాలి తగిలింది. మండే ఎండలో తడి మట్టి వాసన. కొండ మొదటి దాకా దానిమ్మ చెట్లు, ఆకు ఆకూ కడిగినట్టు మెరుస్తోంది. చెట్ల కింద నల్లటి డ్రిప్పు పైపులు, చిన్నమ్మ తోటలో ఉన్న రకమే. చుక్కలు పడుతున్న చప్పుడు తోటంతా ఒకేలా వినిపిస్తోంది. దూరం నుంచి చూస్తే ఒకటే తోట. నడుస్తూ పోతే అర్థమైంది, దాన్ని చిన్న చిన్న ముక్కలుగా విడగొట్టారు. మధ్యలో గట్లు, గట్ల మీద సున్నం పూసిన నాపరాళ్లు. ప్రతి ముక్కకూ ఒక బోరు, ఒక స్టార్టరు పెట్టె. ప్రతి ముక్కా చిన్నమ్మ తోటంతే ఉంది. మోటార్లన్నీ ఆడుతున్నాయి.

“ఇంతమంది సన్నకారు రైతులు మన పక్కనే ఉండారని నాకు తెలీకపాయె,” అన్నాను.

అన్న నోటి చుట్టూ చేతులు పెట్టి కేకేశాడు. “ఏమప్పా! ఎవురన్నా ఉండారా?”

కొండ ఆ కేకను తిప్పి పంపింది. ఇంకెవరూ పలకలేదు. కుక్క మొరగలేదు. ఒక చెప్పుల జత లేదు, ఒక చద్దిమూట లేదు, చెట్టుకు వేలాడదీసిన పాత చొక్కా లేదు. ఎక్కడా బీడీ ముక్క కూడా లేదు. మా అన్న తోటలో బీడీ ముక్కలు ఏరితే బుట్టెడొస్తాయి.

నేను ఒక గట్టు మీద కాలు పెట్టాను. గడ్డిలో చీలమండ దాకా మునిగింది. మా గట్ల మీద నడుమ గడ్డి మొలవదు. రోజూ నడిచే మనుషుల పాదాలకు దావ, అదే కాలిబాట, తెల్లగా, నున్నగా పడి ఉంటుంది. చిన్నమ్మ గట్టు మీది దావ అయితే ఎండలో దూరానికి కూడా గీత గీసినట్టు కనిపిస్తుంది. ఇక్కడ ఇన్ని ముక్కలు, ఇంతమంది రైతులు. ఒక్క గట్టు మీదా ఒక్క పాదం పడిన గుర్తు లేదు.

మేం చూస్తుండగానే కరెంటు పోయింది. మోటార్లన్నీ ఒకేసారి ఆగాయి. చుక్కల చప్పుడు కాసేపు సాగి, అదీ ఆగింది. ఆ నిశ్శబ్దంలో మా ఇద్దరినీ ఎవరో చూస్తున్నట్టు అనిపించింది. చూడడానికి అక్కడ ఎవరూ లేరనే సంగతే ఎక్కువ భయపెట్టింది.

తిరిగి వచ్చేటప్పుడు దారి సగంలో అన్న బండి నిదానం చేశాడు. తర్వాత, తల తిప్పకుండానే, “నా బోర్ల నీళ్లు గూడా ఆడికే పోతాండాయా పాపా?” అన్నాడు. మా ఊరి పెద్ద రైతు గొంతు అంత చిన్నగా నేనెన్నడూ వినలేదు. జవాబుగా ఒక ఎత్తిపొడుపు నా నాలుక చివరి దాకా వచ్చింది. మింగేశాను.

గుత్త మాట ఆయన మళ్లీ ఎత్తలేదు. ఆపుతానన్న మాటా ఎత్తలేదు. మోటార్లకు ఆటోలు తిరిగి పెట్టించాడు. నేను కడప నుంచి ఫోన్ చేసి తిట్టాను. “నేనాపితే ఆ నీళ్లు చిన్నమ్మకు వస్తాయనుకుంటాండావా? కొండ కిందికి పోతాయి. పోయే నీళ్లలో నా గుక్క నేను తాగుతాండా,” అన్నాడు. తప్పని చెప్పలేకపోయాను. ఒప్పని మాత్రం ఈ జన్మలో చెప్పను.

వానలు ఆలస్యంగా వచ్చాయి. అప్పటికి చెట్లు పోయాయి. చిన్నమ్మ వాటిని వెంటనే కొట్టించలేదు. చాలా రోజులు కరెంటు వచ్చినప్పుడల్లా ఆమె మోటారు ఆటోలో మొదలయ్యేది, పైపులు ఎండు చెట్ల చుట్టూ బుసకొట్టేవి. ఉత్త కరెంటు, ఉత్త పైపులు, ఉత్త గాలి. ప్రభుత్వం ఆమెకు ఇస్తానన్నదంతా ఇచ్చింది, పైసా ఎగ్గొట్టలేదు. మరి తోట ఎందుకు అమ్మదని అడిగేవాళ్లకు, మతి చలించిందని చెప్పేవాళ్లకు ఆమె నాతో అన్న మాట వినిపిస్తాను.

“కొనేది ఎవురు పాపా? ఆ కొండ కిందోళ్లే గదా. లేని మనుషులకు ఎట్లమ్మేది? ఎవుని మొగం చూసి సంతకం పెట్టేది?”

ఇది మతి చలించిన మాటలా ఉందా?

పోయిన ఏడాది మా ఊళ్లో రైతుల సమావేశం పెట్టారు. అధికారులు వచ్చారు. చిన్న, సన్నకారు రైతులకే మొదటి వాటా అని మైకులో చెప్పారు. చిన్నమ్మ ముందు వరసలో కూర్చుని వింది. నేను లేచి కొండ కింద తోట గురించి అడిగాను. అధికారి మర్యాదస్తుడు, నా వాగుడు మొత్తం విన్నాడు. “అమ్మా, అక్కడున్నదంతా సన్నకారు రైతులే. మేం చూశాం. అన్నీ సక్రమంగా ఉన్నాయి,” అన్నాడు. సమావేశంలో కొందరు నవ్వారు, నా మీదే. ఉత్త బోరులో దయ్యం సంగతి కూడా అడగమ్మా అని వెనక నుంచి ఎవరో కేకేశారు. నేను ఇంకో మాట అడిగేలోపు మైకు కట్టేశారు. వాళ్ల జీపులు కదిలే వేళకు కరెంటొచ్చింది. పెట్టెలు టక్కుటక్కుమంటూ కొండ వైపు పోతుంటే, చిన్నమ్మ పక్కన నిలబడి విన్నాను.

అక్కడ అడగలేకపోయిన మాట ఇక్కడ అడుగుతున్నాను, జవాబు తెలిసినవాళ్లు చెప్పండి. అంతమంది రైతులున్న తోటలో, ఇన్నేళ్లుగా, ఒక్క గట్టు మీదైనా కాలి దావ ఎందుకు పడలేదు?